సైన్యంలో చేరాలనుకునేవారికి పచ్చబొట్టు నిబంధనలు: ఏ చేతిపై, ఎక్కడ, ఎంత

ఏడాది పాటు తెల్లవారుజామున లేచి పరుగెత్తిన యువకుడు అగ్నివీర్ రాతపరీక్ష నెగ్గుతాడు, భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు సమయానికి ముందే ముగిస్తాడు, ఆపైన చొక్కా విప్పి వరుసలో నిలబడతాడు. అప్పుడు ఎప్పుడో జాతరలో ఛాతీ మీద పొడిపించుకున్న ఒక్క అక్షరం బయటపడి, అతను అక్కడి నుంచే ఇంటికి తిరిగిపోవలసి వస్తుంది. ఆ అక్షరం తల్లి పేరులోనిదే కావచ్చు, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేకపోవచ్చు. అయినా నిబంధన ముందుగా చూసేది ఆ పచ్చబొట్టులో ఏముందన్నది కాదు, అది శరీరంలో ఎక్కడ ఉందన్నది. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే ఆ అక్షరాన్ని అనుమతించిన చోటనే పొడిపించుకునేవాడు, లేదా అసలు పొడిపించుకునేవాడే కాదు. ఇప్పటికే పచ్చబొట్టు ఉన్నవారు ఏం చేయాలో, ఇంకా లేనివారు దేనికి దూరంగా ఉండాలో, ఇంట్లో కూర్చుని తమను తాము ఎలా పరీక్షించుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

త్రివిధ దళాల నిబంధన

భారత సైన్యం, నౌకాదళం, వాయుసేన ఈ విషయంలో దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. శాశ్వత పచ్చబొట్టు రెండు చోట్ల మాత్రమే ఆమోదయోగ్యం. మొదటిది ముంజేతి లోపలి వైపు, అంటే మోచేతి లోపలి మడత నుంచి మణికట్టు వరకు ఉన్న భాగం. రెండవది అరచేతికి వెనుక వైపు, అంటే చేతి పైభాగం. శరీరంలో మరెక్కడ శాశ్వత పచ్చబొట్టు ఉన్నా అభ్యర్థిని తదుపరి ఎంపికకు అనుమతించరు. ఈ నిబంధన సిపాయిగా చేరేవారికి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎన్‌డీఏ (జాతీయ రక్షణ అకాడమీ), సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్షల ద్వారా అధికారులుగా చేరేవారికీ ఇదే వర్తిస్తుంది, యూపీఎస్సీ ప్రకటనలోనే అది ఉంటుంది. ఎన్‌డీఏకు పదహారున్నర ఏళ్ల వయసు నుంచే అర్హత మొదలవుతుంది కనుక, కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతిని ఇంటర్ వరకు ఆగకుండా ముందే చెప్పి ఉంచడం మంచిది. స్త్రీలకైనా పురుషులకైనా నిబంధన ఒక్కటే. మన పల్లెల్లో చిన్నతనంలోనే ఆడపిల్లల గడ్డం మీద, కణత మీద చుక్క పొడిపించే ఆనవాయితీ కొన్ని కుటుంబాల్లో ఉంది. సైనిక పోలీసు విభాగంలో అగ్నివీరులుగా చేరాలనుకునే అమ్మాయిలు అటువంటి చుక్కను కూడా పచ్చబొట్టుగానే లెక్కించుకోవాలి.

వాయుసేన ప్రకటనలో మాటల కూర్పు కొంత కఠినంగా ఉంటుంది. శాశ్వత పచ్చబొట్లు అనుమతించబడవని ముందుగా చెప్పి, ముంజేతి లోపలి వైపు, చేతి వెనుక భాగం, గిరిజన సంప్రదాయ పచ్చబొట్లు అనే మినహాయింపులను ఆ తరువాత చెబుతారు. పైగా ఆమోదించాలా వద్దా అన్న తుది నిర్ణయం ఎంపిక కేంద్రానిదేనని స్పష్టం చేస్తారు. కనుక వాయుసేన అభ్యర్థి తన పచ్చబొట్టు అనుమతించిన చోటే ఉంది కదా అని నిశ్చింతగా ఉండకుండా, ప్రకటనలో కోరిన పత్రాలన్నీ సిద్ధం చేసుకోవాలి. పచ్చబొట్టు ఉన్నవారు దగ్గర నుంచి తీసిన ఫొటో ఒకటి, దూరం నుంచి తీసిన ఫొటో ఒకటి, దాని పరిమాణం, రకం వివరాలతో సహా సమర్పించాలని వాయుసేన కోరుతుంది.

లోపలి వైపు అంటే ఏది

అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఈ మాట దగ్గరే. చేతులను మామూలుగా వేలాడదీసినప్పుడు బొటనవేలు ముందుకు ఉంటుంది, ముంజేతి లోపలి ముఖం తొడ వైపు తిరిగి ఉంటుంది. అందువల్ల ఎదుటివారికి కనిపించేది లోపలి వైపా, బయటి వైపా అన్న సందేహం కలగడం సహజమే. దాన్ని తీర్చుకోవడానికి చేతి గడియారాన్ని తలచుకుంటే చాలు. గడియారం ముఖం ఉండే వైపు బయటిది, పట్టీ బిగించే కొక్కెం పడే వైపు లోపలిది. నాడి పట్టుకుని చూసే వైపు అన్నా అదే. ఇంకా స్పష్టంగా తెలియాలంటే గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, రెండు అరచేతులూ ఎదుటివారికి కనిపించేలా తిప్పి, ఇంట్లో ఎవరి చేతనైనా ఫొటో తీయించుకోండి. ఆ ఫొటోలో మోచేతి మడతకూ మణికట్టుకూ మధ్య కనిపించే చర్మం మీద పచ్చబొట్టు మొత్తం ఒదిగి ఉంటే అది అనుమతించిన చోటనే ఉన్నట్టు. అందులో ఏ భాగమైనా అంచు దాటి పక్కకు వంగి కనిపించకుండా పోయిందంటే ఆలోచించవలసిందే.

అంచు దాటడం అన్నది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ తిరస్కరణకు గురయ్యే పచ్చబొట్లలో ఇటువంటివి ఉంటాయి. మణికట్టు చుట్టూ కంకణంలా పొడిపించుకున్న గీత లోపలి వైపు మొదలై బయటి వైపు తిరిగి మళ్లీ లోపలికి వస్తుంది, కనుక అందులో సగం అనుమతి లేని చోట ఉన్నట్టే. త్రిశూలం పిడి ముంజేతి మీద ఉండి, కొనలు మోచేతి మడత దాటి జబ్బ వైపు పాకితే ఆ కొనలే అడ్డంకి అవుతాయి. అభిమాన కథానాయకుడి పేరునో బొమ్మనో జబ్బ మీద, ఛాతీ మీద పొడిపించుకునే అలవాటు మన కుర్రవాళ్లలో చాలా ఉంది. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ సైన్యంలో చేరాలన్న కోరిక కూడా అదే గుండెలో ఉన్నవారు ఆ రెండు చోట్లనూ పూర్తిగా వదిలివేయాలి. అరచేతిలో, మెడ మీద, చెవి వెనుక, వీపు మీద, పాదం మీద ఉన్న పచ్చబొట్లు ఎంత చిన్నవైనా అనుమతించిన జాబితాలో లేవు. దుస్తుల కింద దాగి ఉంటుంది కదా అన్న వాదన పనిచేయదు, ఎందుకంటే వైద్య పరీక్షలో దుస్తులు తొలగించి శరీరమంతా చూస్తారు.

కేంద్ర బలగాలకు వెళ్లేవారికి ఎడమ చేయి

మన రెండు రాష్ట్రాల్లో అగ్నివీర్‌కు సన్నద్ధమయ్యే యువకుల్లో చాలామంది స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ నిర్వహించే జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ పరీక్ష కూడా రాస్తారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, సశస్త్ర సీమా బల్, అస్సాం రైఫిల్స్ వంటి బలగాలకు ఎంపిక ఆ దారిలో జరుగుతుంది. ఈ బలగాలు పాలనాపరంగా రక్షణ శాఖ కిందివి కావు, హోం శాఖ మార్గదర్శకాలను పాటిస్తాయి, ఆ మార్గదర్శకాలు మరొక రకంగా ఉన్నాయి. ఒక చోట చెల్లిన పచ్చబొట్టు ఇంకొక చోట చెల్లకపోవడానికి కారణం ఇదే.

హోం శాఖ నిబంధన మూడు ప్రశ్నలు వేస్తుంది. పచ్చబొట్టులో ఏముంది, ఎక్కడ ఉంది, ఎంత ఉంది. మొదటి ప్రశ్నకు సమాధానం ఉదారంగానే ఉంది. మనది లౌకిక దేశం కనుక ప్రజల మతవిశ్వాసాలను గౌరవించాలని, మతచిహ్నాలు, దేవతామూర్తులు, పేర్లు ఉన్న పచ్చబొట్లను సైన్యంలో మాదిరిగానే అనుమతించాలని అందులో రాశారు. ఓంకారం, శిలువ, నెలవంక, తల్లిదండ్రుల పేర్లు ఈ కోవలోకి వస్తాయి. రెండవ ప్రశ్న దగ్గరే బిగింపు ఉంది. ముంజేతి లోపలి భాగం వంటి సంప్రదాయ స్థానంలో ఉంటే అనుమతిస్తారు, కానీ ఎడమ ముంజేయి మాత్రమే. వందనం (సెల్యూట్) చేసేది కుడి చేయి, ఎడమది కాదు అన్న కారణాన్ని కూడా అందులోనే చెప్పారు. చేతి వెనుక భాగానికీ అనుమతి ఉంది. అయితే కుడి చేతి వెనుక పచ్చబొట్టు ఉన్న అభ్యర్థిని, అది వందనం చేసే చేయి అన్న కారణంతోనే తిరస్కరించగా, ఆ వివాదం కోర్టు దాకా వెళ్లింది. అందుచేత కుడి చేతి మీద మోచేతి నుంచి వేళ్ల దాకా ఎక్కడా పచ్చబొట్టు లేకుండా చూసుకోవడమే క్షేమమని నా అభిప్రాయం.

మూడవ ప్రశ్న పరిమాణానికి సంబంధించినది. పచ్చబొట్టు ఆ శరీర భాగంలో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి. దీన్ని కంటితో అంచనా వేయకుండా దర్జీ టేపుతో కొలవండి. ఉదాహరణకు మోచేతి మడత నుంచి మణికట్టు దాకా పొడవు 24 సెంటీమీటర్లు, లోపలి ముఖం సగటు వెడల్పు 8 సెంటీమీటర్లు ఉన్న వ్యక్తికి ఆ భాగం వైశాల్యం 192 చదరపు సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 48. పచ్చబొట్టు చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసినట్టు ఊహించుకుని దాని పొడవు వెడల్పులను గుణించండి. 6 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బొమ్మ 30 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది, పరిమితిలోనే ఉంటుంది. 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బొమ్మ దాటిపోతుంది. చేతి వెనుక భాగం చాలా చిన్నది కనుక అక్కడ పొడిపించుకున్న సాధారణ పువ్వు కూడా పరిమితిని తేలికగా దాటవచ్చు. అక్షరాల మధ్య ఖాళీని లెక్కలోంచి తీసివేసి పరిమితిలో ఉన్నట్టు తృప్తిపడవద్దు, కొలిచే అధికారి అలాగే లెక్కిస్తాడన్న హామీ ఏదీ లేదు.

ఈ రెండు రకాల నిబంధనలను పక్కపక్కన పెట్టి చూస్తే, అన్ని దారులూ తెరిచి ఉంచుకోవాలనుకునే అభ్యర్థికి మిగిలేది ఎడమ ముంజేతి లోపలి వైపున చిన్న పచ్చబొట్టు మాత్రమే. అది కూడా ఒక దైవచిహ్నమో పేరో అయి ఉండాలి. అశ్లీల చిత్రాలు, ఒక కులాన్నో మతాన్నో ప్రాంతాన్నో కించపరిచే రాతలు, రాజకీయ పార్టీల గుర్తులు సరైన చోట ఉన్నా వద్దు. ఇంకా పొడిపించుకోనివారు ఎంపిక ముగిసేవరకు ఆ ఆలోచనే మానుకోవడం అన్నిటికన్నా మేలు. రాతపరీక్ష ఫలితం వచ్చిన సంతోషంలో, ర్యాలీకి ఇంకా రెండు నెలలు ఉందనగా వెళ్లి పొడిపించుకున్నవారు కూడా ఉన్నారు. జాతరల్లో ఒకే సూదిని, ఒకే రంగు గిన్నెను ఒకరి తరువాత ఒకరికి వాడే చోట హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉంటుంది. పచ్చబొట్టు పొడిపించుకున్నవారి నుంచి మన రక్తనిధులు ఏడాది పాటు రక్తం తీసుకోకపోవడానికి కారణం ఇదే. పచ్చబొట్టు సరైన చోటే ఉన్నా, సూది ద్వారా వచ్చిన వ్యాధి వైద్య పరీక్షలో అనర్హతకు దారితీయవచ్చు.

విదేశీ సైన్యాల గురించిన వీడియోలు చూసి మోసపోయేవారికి ఒక మాట చెప్పాలి. అమెరికా సైన్యం 2022 జూన్‌లో నిబంధనలు సడలించి, ఒక్కో చేతి (మణికట్టు కింది భాగం) మీద అంగుళానికి మించని పచ్చబొట్టును, మెడ వెనుక రెండు అంగుళాలకు మించని పచ్చబొట్టును అనుమతించింది. ఆ దేశపు మెరైన్ దళం 2021లోనే భుజం నుంచి మణికట్టు దాకా నిండుగా ఉన్న పచ్చబొట్లకు అడ్డు తొలగించింది. అక్కడ స్థిరపడి ఆ సైన్యంలో చేరాలనుకునే తెలుగు కుటుంబాల పిల్లలకు అది ఉపయోగపడే సమాచారమే. సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నం సైనిక భర్తీ కార్యాలయాల పరిధిలో ర్యాలీకి వెళ్లేవారికి దానితో ఏ సంబంధమూ లేదు.

గిరిజన అభ్యర్థులకు ఉన్న మినహాయింపు

పచ్చబొట్టు కొన్ని సమాజాల్లో అలంకారం కాదు, ఆచారం. ఆదిలాబాద్ ప్రాంతపు గోండులకు ‘తోటి’ అనే తెగ స్త్రీలు తరతరాలుగా పచ్చబొట్లు పొడుస్తూ వచ్చారు. మైదాన ప్రాంతాల్లో ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి ఆ పని చేసేవారు. లంబాడా తండాల్లో పెద్దామెల చేతుల మీద, ముఖం మీద ఆ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. మసిని చర్మం లోతుల్లోకి పొడిచినప్పుడు పైనుంచి చూసే కంటికి అది నీలిపచ్చగా కనిపిస్తుంది, అందువల్లే మన భాషలో దానికి ఆ పేరు వచ్చింది. తమ తెగ ఆచారాల ప్రకారం ముఖం మీదో శరీరం మీదో పచ్చబొట్లు ఉన్న గిరిజన అభ్యర్థులను ఒక్కొక్కరి విషయాన్ని విడిగా పరిశీలించి అనుమతించే వెసులుబాటు త్రివిధ దళాల నిబంధనల్లో ఉంది. సైన్యంలో అధికారుల ఎంపికలో ఇటువంటివాటిపై నిర్ణయాధికారం ఎంపిక కేంద్రం కమాండెంట్‌ది.

ఈ వెసులుబాటు గిరిజన ధ్రువపత్రం ఉన్న ప్రతి ఒక్కరి ప్రతి పచ్చబొట్టుకూ వర్తిస్తుందని అనుకోరాదు. నిబంధన అడిగేది ఆ గుర్తు తెగ ఆచారంలో భాగమా అన్నది. నాయనమ్మ చేతి మీద ఉన్న చుక్కల వరుసే మనవడి నుదుటి మీద ఉంటే అది ఆచారం. అదే మనవడు పట్నంలో యంత్రంతో భుజం మీద వేయించుకున్న డేగ బొమ్మకు ఆ రక్షణ దొరకదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం వంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి వెళ్లే అభ్యర్థులు సమర్థ అధికారి జారీ చేసిన ఎస్టీ ధ్రువపత్రాన్ని తప్పనిసరిగా వెంట ఉంచుకోవాలి. దానికి తోడు, ఆ గుర్తు తమ తెగలో ఏ పేరుతో పిలుస్తారో, ఏ వయసులో ఎందుకు వేస్తారో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగేలా ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోండి. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి అదే గుర్తు ఉంటే వారి ఫొటోలు దగ్గర పెట్టుకోవడం నా సలహా. నిబంధన వాటిని అడగకపోయినా, ఒక్కొక్కరి విషయం విడిగా పరిశీలించేటప్పుడు చూపడానికి ఏదో ఒక ఆధారం ఉన్న అభ్యర్థి మాట బలంగా నిలుస్తుంది.

దాచవద్దు

దరఖాస్తులోనో, ఆ తరువాత ఇచ్చే స్వీయ ధ్రువీకరణలోనో పచ్చబొట్టు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలి. ముఖానికి వాడే రంగులు పూసి కప్పడం, దాని మీద కట్టు కట్టి దెబ్బ తగిలిందని చెప్పడం, పాత బొమ్మ మీద పెద్ద బొమ్మ వేయించి మొదటిదాన్ని మాయం చేయడం వంటి ఉపాయాలు చెప్పేవారు ఎక్కడికక్కడ దొరుకుతారు. రంగు చెమటకు కరిగిపోతుంది, కట్టును వైద్యుడు విప్పిస్తాడు, పెద్ద బొమ్మ పరిమాణం పెరిగి మరింత ప్రమాదం తెస్తుంది. వీటన్నిటినీ మించి, అబద్ధం బయటపడితే అది పచ్చబొట్టు సమస్యగా మిగలదు, సమాచారం దాచిన నేరంగా మారుతుంది. ఎంపికైన తరువాత బయటపడినా ఉద్యోగం పోవచ్చు.

2018లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వాయుసేనలో ఎయిర్‌మన్‌గా ఎంపికైన అభ్యర్థి నియామకాన్ని పచ్చబొట్టు కారణంగా రద్దు చేయగా, అతను కోర్టుకు వెళ్లాడు. ఆ పచ్చబొట్టు వాయుసేన ఇచ్చిన మినహాయింపుల పరిధిలోకి రాదని, ప్రకటనలో కోరినట్టు దాని ఫొటోను దరఖాస్తు సమయంలో సమర్పించలేదని చూసి కోర్టు వాయుసేన నిర్ణయాన్నే సమర్థించింది. ఫొటోలు ఇవ్వమన్న చిన్న సూచనను అలక్ష్యం చేస్తే ఎంత దూరం వెళ్తుందో ఇక్కడ తెలుస్తుంది. మీరు తీసే ఫొటోలు పగటి వెలుతురులో, నీడ పడకుండా, పక్కన స్కేలు ఉంచి తీయండి. దగ్గరి ఫొటోలో బొమ్మ అంచులు, దూరపు ఫొటోలో మోచేయి, మణికట్టు రెండూ కనిపించాలి, అప్పుడే అది ఏ భాగంలో ఉందో చూసినవారికి సందేహం ఉండదు. వైద్య పరీక్షకు మూడు వారాల ముందు నుంచి గోరింటాకు, అంటించుకునే తాత్కాలిక బొమ్మలు కూడా మానండి. అవి నిషిద్ధమని కాదు, సగం చెరిగిన మరక శాశ్వతమా కాదా అన్న అనవసరపు ప్రశ్న రాకుండా ఉండటానికి.

తీయించుకోవలసి వస్తే

తప్పు చోట పచ్చబొట్టు ఉన్నవారికి సరైన దారి లేజర్ చికిత్స. దానికి మనం అనుకునే దానికన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది, ఈ విషయాన్ని అభ్యర్థులు ఆలస్యంగా తెలుసుకుంటారు. క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ-యాగ్ అనే లేజర్ సెకనులో వందకోట్లో వంతు లెక్కన కొలిచే అతి చిన్న కాంతి తునకలను చర్మంలోకి పంపి రంగు రేణువులను పగలగొడుతుంది. పగిలిన రేణువులను శరీరంలోని రక్షక కణాలు మింగి మెల్లగా బయటికి తరలిస్తాయి. తరలించే ఆ పని వారాల తరబడి సాగుతుంది, కాబట్టే ఒక విడతకూ మరొక విడతకూ నడుమ సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విరామం ఇస్తారు. ఎనిమిది విడతలు అవసరమైన వ్యక్తికి ఏడేసి వారాల విరామంతో దాదాపు ఏడాది పడుతుంది. నెల రోజుల్లో మాయం చేస్తామని చెప్పే దుకాణాన్ని నమ్మవద్దు.

నలుపు, ముదురు నీలం రంగులు బాగా లొంగుతాయి. పసుపు, ఆకుపచ్చ, లేత నీలం రంగులు మొండివి. జాతరలోనో ఊళ్లోనో మసితో పొడిచిన పచ్చబొట్టులో రంగు తక్కువగా ఉంటుంది కనుక, పట్నపు యంత్రంతో చిక్కగా నింపిన బొమ్మ కన్నా తక్కువ విడతల్లో వదిలే అవకాశం ఎక్కువ. మన చర్మపు ఛాయకు 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం సురక్షితమైనదిగా చర్మవైద్యులు పరిగణిస్తారు. అయినా ఆ చోట చర్మం తెల్లబడటం, నల్లబడటం, అరుదుగా మచ్చ పడటం సంభవిస్తాయి. ఛాతీ, భుజాల మీద గతంలో ఏ చిన్న గాయమైనా ఉబ్బి గట్టి మచ్చగా మారిన అనుభవం ఉన్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. చర్మవ్యాధుల్లో పట్టా ఉన్న వైద్యుడి దగ్గరకే వెళ్లండి. ఖర్చు భరించలేనివారు మొదట దగ్గరలోని ప్రభుత్వ బోధనాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో లేజర్ సదుపాయం ఉందేమో విచారించండి. చాలా చిన్న పచ్చబొట్టునైతే కోసి కుట్టువేసే శస్త్రచికిత్స కూడా ఉంది, దానివల్ల సన్నని గీత మిగులుతుంది.

ఇంట్లో చేసుకునే ప్రయత్నాల గురించి గట్టిగా చెప్పక తప్పదు. యాసిడ్ పూయడం, సున్నం పెట్టి కట్టుకట్టడం, జీడిగింజ రసం రాయడం, రాతి ఉప్పుతో నెత్తురు వచ్చేదాకా రుద్దడం, ఇస్త్రీ పెట్టెతో కాల్చుకోవడం వంటివి నిరాశలో ఉన్న కుర్రవాళ్లు చేస్తారు. రంగు చర్మం రెండవ పొరలో ఉంటుంది, పైపొర కాలినంత మాత్రాన అది పోదు. పోయేంత లోతుకు కాలితే మిగిలేది కాలిన మచ్చ. ఉబ్బిన మచ్చ కదలికకు గాని, సామగ్రి ధరించడానికి గాని అడ్డుపడితే వైద్య పరీక్షలో అదే స్వయంగా అనర్హతకు కారణం కావచ్చు. పచ్చబొట్టుతో వెళ్లి ఉంటే సరిదిద్దుకునే అవకాశమైనా మిగిలేది, కాలిన మచ్చను సరిదిద్దడం అంతకన్నా కష్టం. బజారులో దొరికే పూత మందులు కూడా రంగును తీయలేవు.

కనుక కాలాన్ని వెనుక నుంచి లెక్కవేయండి. ర్యాలీ లేదా వైద్య పరీక్ష వచ్చే అవకాశం ఉన్న నెలను గుర్తించి, పుండు మాని చర్మం మామూలు రంగుకు రావడానికి కనీసం మూడు నెలలు తీసివేసి, అంతకు ముందు ఏడాది నుంచి ఏడాదిన్నర చికిత్సకు కేటాయించుకోవాలి. పద్దెనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టినవారికి వయోపరిమితి లోపల ఆ వ్యవధి దొరుకుతుంది, ఇరవై నిండాక మొదలుపెట్టినవారికి కష్టం.

తిరస్కరిస్తే

తిరస్కరించినప్పుడు అక్కడే వాదనకు దిగకుండా, కారణం రాతపూర్వకంగా ఇచ్చే పత్రాన్ని అడిగి తీసుకోవాలి. అందులో పచ్చబొట్టు ఏ చేతి మీద, ఏ వైపు, ఎంత పరిమాణంలో ఉందని రాశారో అక్కడే చదవండి. స్థానం తప్పుగా నమోదైతే ఆ క్షణంలోనే మర్యాదగా చెప్పాలి. పునఃపరీక్ష కోరే హక్కు ఉందా, ఎన్ని రోజుల్లో, ఎవరికి దరఖాస్తు చేయాలి అన్నవి అదే రోజు అడిగి రాసుకోండి. కేంద్ర బలగాల్లో పునఃవైద్యపరీక్ష కోరే విధానం ఉంది, దాని గడువు చాలా తక్కువ. ఇంటికి వెళ్లి పెద్దలతో ఆలోచించి చెబుతామనుకుంటే ఆ గడువు దాటిపోవచ్చు.

కోర్టులు కొన్ని సందర్భాల్లో అభ్యర్థులకు అండగా నిలిచాయి. కుడి చేతి వెనుక పచ్చబొట్టు ఉన్నదని కేంద్ర బలగాల ఎంపికలో తిరస్కరణకు గురైన వ్యక్తి, చిన్న లేజర్ చికిత్సతో దాన్ని తీయించుకోవడానికి సిద్ధమని చెప్పినప్పుడు, 2022లో ఢిల్లీ హైకోర్టు అతనికి రెండు వారాల గడువు ఇచ్చి, కొత్త వైద్య బోర్డు ముందు హాజరయ్యే అవకాశం కల్పించింది. 2024లో ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు సంబంధించిన వివాదంలో, అభ్యర్థి కుడి ముంజేతి మీది పచ్చబొట్టు చికిత్స తరువాత కంటికి కనిపించనంతగా వెలిసిపోయిందని అదే హైకోర్టు స్వయంగా గమనించి అతని పక్షాన నిలిచింది. వీటిని చూసి ప్రతి తిరస్కరణా కోర్టులో తేలిపోతుందని ఆశించకూడదు, వాయుసేన అభ్యర్థి విషయంలో ఏం జరిగిందో పైన చూశాం. అయితే ఈ రెండింటిలోనూ అభ్యర్థి పచ్చబొట్టును తీయించుకున్నాడు, లేదా తీయించుకోవడానికి సిద్ధపడ్డాడు. కనుక లేజర్ చికిత్స మొదలుపెట్టిన రోజు నుంచి ప్రతి విడతకూ తేదీ ఉన్న రసీదు, వైద్యుడి సంతకం, ముద్ర ఉన్న చీటీ, అదే వెలుతురులో అదే దూరం నుంచి తీసిన ఫొటో ఒక దస్త్రంలో వరుసగా పెట్టుకోండి. వైద్య పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ దస్త్రం నకలు ఒకటి వెంట తీసుకుని, అసలు కాగితాలను ఇంట్లో భద్రపరచండి.